ఆరు డిగ్రీలు

గుంటూరు పక్కన ఓ కోల్డ్ స్టోరేజీ. నాలుగు గదుల నిండా మిర్చి టిక్కీలు. ఆ టిక్కీల రసీదు చూపిస్తే రైతుకైనా వ్యాపారికైనా బ్యాంకు అప్పిస్తుంది. కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరు ఓ రోజు గదుల రిజిస్టరు తిరగేశాడు. పగలూ రాత్రీ, గంటగంటకీ ఆరు డిగ్రీలు. నెల పొడుగునా ఆరే. ఒకే పెన్ను, ఒకే వాలు.

"ఇకనుంచి గదిలో చల్లదనం ఎంతుందో మా ఆఫీసులో కూర్చుంటే మాకు కనబడాలి. లేకపోతే లోన్లు లేవు" అని తేల్చి వెళ్లిపోయాడు.

యజమాని చర్లపల్లిలోని చిన్న వర్క్‌షాపుకి ఫోన్ కొట్టాడు. గదుల్లో టెంపరేచర్ బోర్డులు చేసిచ్చింది వాళ్లే. "ఆ బోర్డుకి నెట్టు తగిలించాలి బాబూ. ఖర్చు ఎంతైనా పర్లేదు."

ఇంజనీరు కుర్రాడు వచ్చి చూశాడు. గోడలకి మందంగా థర్మోకోల్, పైన రేకు. తలుపు మూస్తే ఫోన్ సిగ్నలే చచ్చిపోతోంది, ఇక వైఫై ఏం పనిచేస్తుంది? ఈథర్‌నెట్ కేబులే దిక్కు. 100 మీటర్ల దాకా దానికి ఢోకా లేదు.

పాత బోర్డులోని మైక్రోకంట్రోలర్‌కి ఈథర్‌నెట్ రాదు. పక్కన డబ్ల్యూ5500 చిప్ పెట్టాడు. టీసీపీ/ఐపీ తంటా అంతా అదే పడుతుంది, మైక్రోకంట్రోలర్ నుంచి ఎస్‌పీఐ గీతలు కలిపితే చాలు. చిప్‌కీ సాకెట్‌కీ నడుమ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు. కేబుల్ వెంట ఏ పిచ్చి వోల్టేజీ వచ్చినా బోర్డు మీద పడకుండా అవి అడ్డుకుంటాయి. సిగ్నల్ మోసే జంట గీతలు పక్కపక్కనే, ఒకే పొడవున, 100 ఓమ్‌ల లెక్కకి గీశాడు.

అయినా మొదటి బోర్డు ఏడిపించింది. కంప్రెసర్ స్టార్టయినప్పుడల్లా లింకు పడిపోయేది. చూస్తే, ట్రాన్స్‌ఫార్మర్ల కింద కూడా గ్రౌండు రాగి పరిచేసి ఉంది. నాయిస్ ఆ దారినే దూరుతోంది. అక్కడ రాగి తీసేసి మళ్లీ గీయిస్తే లింకు నిలబడింది. ఇంకోటి మిగిలింది. ఆ చిప్‌కి సొంత మ్యాక్ అడ్రస్ ఉండదు. శాంపిల్ ప్రోగ్రాములో ఉన్నదే అన్ని బోర్డులకీ ఇస్తే, నాలుగిళ్లకి ఒకటే డోర్ నంబరు రాసినట్టు. అందుకని ఫ్యాక్టరీలోనే అడ్రసు రాసి వచ్చే చిన్న మెమరీ చిప్ బోర్డుకొకటి వేశాడు.

బిగించేటప్పుడు యజమాని పక్కనే నిలబడి అడిగాడు. "ఇక్కడున్న అంకే బ్యాంకులో కనబడుతుందా?"

"అచ్చం అదేనండి. రిజిస్టరులా రాసేవాడి చేతిలో ఉండదు."

"భలే" అన్నాడాయన.

వారం తిరక్కుండానే కుర్రాడి నుంచి ఫోన్.

"సార్, రోజూ దీపాల వేళ నుంచి రాత్రి పదింటి దాకా గదులు వేడెక్కుతున్నాయండి. తొమ్మిది డిగ్రీలు దాటుతోంది. సెన్సరు తప్పేమోనని ఇంకోటి పెట్టించి చూశాను, అదీ ఇదే చెప్తోంది. మీ ఆపరేటరు కంప్రెసర్ ఆపేసి పడుకుంటున్నట్టున్నాడు."

అవతల కాసేపు మాట లేదు.

"ఆ టైములో యూనిట్ రేటు ఎక్కువయ్యా. ఆపమంది నేనే. ఇది బ్యాంకు వాళ్లు చూశారా?"

"లేదండి, వాళ్లకింకా లింకు ఇవ్వలేదు. ఆపేయమంటారా?"

"ఆపితే లోన్లు ఎట్టా వస్తాయి? రేపే ఇచ్చెయ్. కాకపోతే ఆ సెన్సరు వైరు పీకేసి, అంకె ప్రోగ్రామే పంపేటట్టు చెయ్."

కుర్రాడు నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు:

"అస్తమానం ఆరే పంపేవు, జాగ్రత్త! ఓసారి ఐదున్నర, ఓసారి ఆరుంపావు. రిజిస్టరు రాసేవాడికి ఆ మాత్రం తెలివి లేకేగా నాకింత ఖర్చు!"