ఎక్సెల్‌లో దసరా

మా అత్తవారిల్లు హనుమకొండ, పుట్టిల్లు విజయనగరం, కాపురం హైదరాబాద్. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర నేను కనబడకపోతే మా అత్తయ్య ఏడాది పొడవునా గుర్తు చేస్తుంది. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమానుకి రాకపోతే మా అమ్మ ఒక్క మాట కూడా అనదు. అదే ఎక్కువ భయం.

పోయినేడు మా ఆయన ఈ వ్యవహారమంతా ఎక్సెల్‌లో పెట్టారు. ప్రయాణాలకో కాలమ్, బట్టలకో కాలమ్, పిండివంటలకో కాలమ్. చిట్టచివర, పసుపు రంగు పూసి మరీ, మటన్.

రైలు టికెట్లు ఇదివరకు 120 రోజుల ముందే ఇచ్చేవారు. 2024 నవంబర్ నుంచి దాన్ని 60 రోజులు చేశారు. బెంగపడే రోజులు సగానికి తగ్గాయి, తొక్కిసలాట మాత్రం తగ్గలేదు. వరంగల్ నుంచి విజయనగరానికి కోణార్క్‌లో వెళ్లాలని ఆగస్టు మొదటి వారంలో పొద్దున ఎనిమిదింటికి ఇంట్లోని ఫోన్లన్నీ ముందేసుకుని కూర్చున్నాం. "ఓపెనైంది" అని మావాడు అరిచేలోపే వెయిటింగ్ లిస్టు వచ్చింది. ఆ కన్ఫర్మ్ టికెట్లు దొరికే పుణ్యాత్ములు ఎవరో గానీ, మా బంధువర్గంలో మాత్రం లేరు.

టికెట్ల సంగతి నయం. తిథి ఉందే, దానికి వెయిటింగ్ లిస్టు కూడా ఉండదు. 2025లో నవరాత్రుల మధ్య ఒక తిథి రెండు సూర్యోదయాలు చూసి, పండగని పది రాత్రులకి సాగదీసింది. ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21న. వేళ్లు మడిచి లెక్కపెడితే సద్దులు 29న రావాలి. దుర్గాష్టమి చూస్తే 30న. ఒక పంతులుగారు ఇదన్నారు, ఇంకో పంతులుగారు అదన్నారు. బస్సు టికెట్ తీయాలి, తేదీ చెప్పమని అత్తయ్యకి ఫోన్ చేశాను.

"మా వాడకట్టోళ్లు ఎన్నడాడితె గన్నడే బిడ్డా."

"వాళ్లెప్పుడు చెప్తారత్తయ్యా?"

"ఆ దినం పొద్దుగాల."

మా ఆయన ఆ గడిలో 29/30 అని వేశారు. అది తేదీయో, పరీక్షలో మార్కులో అర్థం కాక ఎక్సెల్ కూడా నోరు మూసుకుంది.

షాపింగ్‌లో నావంతు తొందరగానే తెమిలింది. జాకెట్లు కుట్టే అమ్మాయి "దసరా దాకా కొత్తవి తీసుకోనక్కా" అని చేతులెత్తేయడంతో పాతవాటికి కుట్లు విప్పించుకున్నాను. మామయ్య షాపింగే పురాణమైంది. హనుమకొండలో ఫ్రిజ్ పాతబడింది, తలుపుకి రబ్బరు ఊడి గుడ్డ కట్టి మూస్తారు. ఆగస్టు 15న ప్రధాని జీఎస్టీ తగ్గిస్తామన్నారు. మామయ్య ఆగారు. సెప్టెంబర్ 3న కౌన్సిల్ ఖాయం చేసి, 22 నుంచి అమలన్నది. మామయ్య ఇంకా ఆగారు. నవరాత్రుల మొదటి రోజు, స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, షాపు షట్టరు ఎత్తకముందే వెళ్లి నిలబడ్డారు. 28 శాతం నుంచి 18కి దిగినవి ఏసీలూ పెద్ద టీవీలూ అట. ఫ్రిజ్ అంతకుముందు నుంచే 18లో ఉందట. ఆయన కాసేపు ఆలోచించి, ఏసీ కొనుక్కొచ్చారు. తగ్గింది కదా మరి.

ఆ గుడ్డ కట్టిన ఫ్రిజ్‌తోనే మేం అసలు గండం గట్టెక్కాల్సి వచ్చింది. తెలంగాణలో దసరా అంటే జమ్మి ఆకు బంగారం పంచుకోవాలి, పాలపిట్టని చూడాలి, మటన్ తినాలి. ఫ్లాట్ల మధ్య పాలపిట్ట కనబడకపోతే ఫోన్లో బొమ్మ చూసి దండం పెట్టుకుంటున్నారు. మటన్‌కి ఆ సదుపాయం లేదు. 2025లో విజయదశమి సరిగ్గా అక్టోబర్ 2న పడింది. మాంసం కొట్లు బంద్, మందు దుకాణాలు బంద్. "గాంధీ తాత గీ దినమే పుట్టాల్నా?" అని అత్తయ్య గోడ మీది క్యాలెండర్‌నే నిలదీసింది.

ముందురోజే తెచ్చి పెడదామంటే, నైవేద్యం పాలు పెట్టే ఫ్రిజ్‌లో అత్తయ్య నీసు పెట్టనివ్వదు. పక్కింటివాళ్ల ఫ్రీజర్‌లో చోటడిగాం. అక్కడ అప్పటికే ఆ గల్లీ గల్లీ మటన్ కొలువై ఉంది. అన్నీ నల్ల కవర్లే, అన్నిటికీ ఒకటే ముడి. పండగనాడు మా కవర్ విప్పితే మేం కొనని తలకాయ వచ్చింది. మా కిలోన్నర బోన్‌లెస్ ఏ ఇంట్లో ఉడికిందో విచారణ చేద్దామనుకునేలోపే, నాలుగిళ్ల నుంచి మసాలా వాసన కలగలిసి వచ్చింది. మామయ్య తలకాయ కూరే బాగుందన్నారు.

మా అమ్మ పండగ చివరికొచ్చింది. మావాడి బడి సెలవులు అక్టోబర్ 3తో సరి. సిరిమాను 7న. బడికి ఏం చెప్పామన్నది ఇక్కడ రాయను. విజయవాడలో బస్సు మారి, భవానీల ఎర్రబట్టల మధ్య పిల్లాణ్ణి ఎత్తుకుని, ఎలాగో చేరాం. అంత పొడుగు చింతమాను చివర కూర్చుని పూజారి గాల్లో తేలుతూ వస్తుంటే, జనం అరటిపళ్లు విసురుతుంటే, మావాడు బడి సంగతే మర్చిపోయాడు. "ఏటి, ఈపాలి ముందే వచ్చీసేరు?" అంది అమ్మ. మేం వచ్చింది సిరిమాను ముందురోజు రాత్రి, తొలేళ్లకి.

ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి దసరా అక్టోబర్ 20కి జరిగింది. గాంధీగారికీ మాకూ మధ్య పద్దెనిమిది రోజుల ఖాళీ. మా ఆయన మటన్ గడికి ఆకుపచ్చ రంగు వేసి, వీడియో కాల్‌లో హనుమకొండకి చూపించారు.

అత్తయ్య కళ్లద్దాలు సర్దుకుంది. "గా దినం ఏ వారం రా?"

మంగళవారం. మా ఆయన ఆంజనేయస్వామి భక్తులు. మంగళవారం మా రెండిళ్లలోనూ గుడ్డు కూడా ఉడకదు.

"సోమారమే వండుకుని తినుర్రి. బుధారానికి కొంచెం దాచుదాం," అంది అత్తయ్య. "గందుకన్నా ఒక ఫ్రిజ్ కొనమనుర్రి మీ మామను."

వెనకాల కొత్త ఏసీ కింద దుప్పటి కప్పుకుని కూర్చున్న మామయ్య తల బయటపెట్టారు. "ఆగుర్రి, ఇంకింత తగ్గుతదేమో సూద్దాం."