బడిగంటనైన బాయిపట్టా

నేను గజము పొడవుగల యొక యినుపపట్టా ముక్కను. ఇల్లెందు ప్రాంతమున నొక కార్మికవాడలోని పాఠశాల ప్రాంగణమునందు, వేపచెట్టు కొమ్మకు మెలివేసిన తీగతో వ్రేలాడుచు, దినమునకు పదిమార్లు దెబ్బతిని మ్రోగుటయే నా ప్రస్తుతోద్యోగము. నా యౌవనమంతయు భూగర్భమున గడచినది. బొగ్గుగనిని మావారు బాయి యందురు. ఆ బాయివాలులో హాలరుతాడు లాగునట్టి బొగ్గుటబ్బుల చక్రముల క్రింద నేను చిరకాలము పడియుంటిని.

1871లో విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ సీమయందు బొగ్గుపొరలను గుర్తించెననియు, 1889లో ఇల్లెందున త్రవ్వకము లారంభమయ్యెననియు సాంఘికశాస్త్రపు మాస్టారు పాఠము చెప్పుచుండగా విన్నాను. నాకు స్వయముగా తెలిసిన చరిత్ర యంతకంటె చిన్నది. బాయిలో పొద్దు పొడుపు లేదు, పొద్దు క్రుంకు లేదు. మనుష్యుల నడకయే నాకు గడియారము. ఉదయము 7 గంటల షిఫ్టువారి యడుగులు చురుకుగా నుండెడివి. పగలు 3 గంటలకు దిగువారి యడుగులలో భోజనానంతరమైన బరువుండెడిది. రాత్రి 11 గంటలకు దిగువారు మాటలాడుకొనక నడిచెడివారు. టబ్బులను నెట్టు ట్రామరులలో ఎడమకాలు కొంచెము బరువుగా మోపువా డొక డుండెను. ఒక వారమతడు ఉదయపు గుంపులోను, మరుసటి వారము మధ్యాహ్నపు గుంపులోను, మూడవవారము రాత్రిగుంపులోను నన్ను త్రొక్కుచు బోయి, 21 దినములైనంతనే మరల ఉదయపు గుంపులో కానవచ్చెడివాడు. ఈ భ్రమణము నాకు మొదట వింతగా తోచినది. పిదప దాని ధర్మము బోధపడినది.

బాయిలో నీరూరుట రాత్రి యని యాగదు. గాలి నాడించు పంకా తెల్లవారువరకు విశ్రమింప వీలులేదు. కావున రాత్రివేళ నెవరో కొందరు లోపల నుండితీరవలెను. 1952 నాటి గనులచట్టము భూగర్భమున పనిచేయువానికి దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని మేర నిర్ణయించినది. 24 గంటలను ఎనిమిదింట భాగించిన శేషములేక మూడు షిఫ్టులగును. ఆ మూడింటిలో రాత్రిపాలు ఎల్లకాలము ఒక్కని నెత్తిన పడుట యన్యాయము గనుక చక్రమును త్రిప్పిరి. దీనిని నేను మనఃపూర్వకముగా గౌరవింతును.

కొంతకాలమునకు ఆ వాలులో క్రొత్తపట్టాలు పరచిరి. నన్ను కోసి, ఈ బడికి దెచ్చి వ్రేలాడగట్టిరి. మొదటి దెబ్బ పడిన నాడుగాని నాకొక కంఠమున్నదని నేనెరుగను.

ఇచటి చక్రము వేరు. బడికి వారమేడు దినములు, సెలవు ఆదివారము. పూర్వపు వీధిబడులలో ఇట్లు గాక, పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్యలు అనధ్యయన దినములై, సెలవులు చంద్రునితోపాటు వారములన్నిటిపై తిరుగుచుండెడివట. సుందరకాండమున కృశించిన సీతను పాడ్యమినాడు చదువువాని విద్యతో పోల్చిన యుపమానమును తెలుగు మాస్టారు వివరించిన నాడు, సెలవునకు సైతము శాస్త్రమొకటి యుండెడిదా యని నేనాశ్చర్యపడితిని.

ఏడుదినముల బడిచక్రమును, ఇరువదియొక్క దినముల బాయిచక్రమును ఒకే యింటిలో తిరిగినపుడు కలుగు సంకటము నా యెదుటి క్వార్టర్ల వరుసలో ప్రత్యక్షము. తండ్రి ఫస్టు షిఫ్టులో నున్నపుడు సాయంత్రమెల్ల పిల్లలతో నుండును. నైటు షిఫ్టులో ఉదయము బడికి బోవునపు డొకమారు, దీపాలవేళ నొకమారు వారిని జూచును. సెకండు షిఫ్టు వారమే కఠినము: అతడు బయలుదేరువేళకు పిల్లలు తరగతిలో నుందురు, అతడు తిరిగివచ్చు వేళకు నిద్రింతురు, వారు లేచి వెళ్ళువేళకు అతనికి నిద్ర తీరదు. ఐదవతరగతి బాలిక యొకతె తన ప్రోగ్రెసుకార్డును రాత్రి నాన్న యన్నపుగిన్నె మూతక్రింద నుంచి సంతకము సంపాదించినదట. పులుసు మరకతో వచ్చిన యా కార్డును జూచి హెడ్మాస్టరుగారు కోపింపలేదు. నాటినుండి కార్డులు తిరిగి తెచ్చుటకు మూడువారముల గడువిచ్చిరి. ఎందుకు మూడో ఆయన ఎవరికిని వివరింపలేదు. ఆ వాడలో వివరింప నక్కరయు లేదు.

నైటు ముగిసిన ఆదివారమును గూర్చి చెప్పవలెను. రాత్రి షిఫ్టువానికి వారాంతవిశ్రాంతి యనగా షిఫ్టు ముగిసిన క్షణమునుండి 24 గంటలు అని ఆ గనులచట్టమే నిర్వచించినది. అనగా వాని దినము అర్ధరాత్రమున మారదు. వాడు బాయినుండి వెలుపలికి వచ్చినపుడు మారును. సూర్యోదయముతో దినము నారంభించు మన పంచాంగమునకు ఈ చట్టము తెలియకయే సన్నిహితమైనది. కాని ఆదివారము 7 గంటలకు పైకివచ్చిన యతడు సోమవారము 7 గంటలకే ఫస్టు షిఫ్టులో మస్టరు వేయించుకొనవలెను. పగలు నిద్రించినచో రాత్రి నిద్రపట్టదు. మేల్కొనియుండుటకు కనులు సహకరింపవు. పిల్లలకు నాన్న పూర్తిగా దొరికిన ఆదివారమున, ఆ నాన్న అరుగుమీద గూర్చుండి తూలుచుండుట నేనెన్నిసార్లు చూడలేదు! మానవదేహములోని గడియారము 24 గంటలకంటె రవంత దీర్ఘముగా తిరుగుననియు, కావున షిఫ్టు వెనుకకు జరుగుటకంటె ముందునకు జరుగుటయే సులభమనియు సైన్సు మాస్టారు చెప్పిరి. మా బాయిచక్రము ముందునకే జరుగును. సులభమైనదే యింత కష్టమైనచో రెండవదాని మాట యేమి!

ఈ కష్టములో నా పాలుకూడ కలదు. నైటు చేసివచ్చినవారు నిద్రించు వేళయే నేను మ్రోగువేళ. ఒకనాడు మొదటి వరుసనుండి యొక యిల్లాలు చంకబిడ్డతో వచ్చి, అటెండరుతో, “అన్నా, నైటు చేసొచ్చి ఇప్పుడే పండిండు. జర మెల్లగ కొట్టు” అన్నది. అటెండరు తానును ఒకప్పుడు బాయిలో పనిచేసినవాడే. నాటినుండి అతడు పీరియడు మారునపుడు సుత్తితో నన్ను మోదుట మాని, చేతికర్రతో ఒక్కదెబ్బ వేయుచున్నాడు. వరండాలోని వారికి వినబడును, వాకిలి దాటదు. ఉదయసాయంకాలముల దీర్ఘనాదమునకే సుత్తి.

సాంఘికశాస్త్రపు మాస్టారు ఒకనాడు సోవియట్ దేశపు ముచ్చట చెప్పిరి. యంత్రములు ఆగకుండుటకై 1929లో అచట ఐదుదినముల వారమును స్థాపించి, శ్రామికులను ఐదు గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపునకొక రంగును, ఒక్కొక్క సెలవుదినమును ఏర్పరచిరట. 1931లో దానిని విడిచి ఆరుదినముల వారమునకును, 1940లో మరల ఏడుదినములకును మరలిరట. ప్రోగ్రెసుకార్డు బాలిక లేచి, “సార్, అమ్మది ఒక రంగు, నాన్నది ఒక రంగైతే?” అని యడిగెను. అచటివారి యార్తియు నదియే యని మాస్టారు చెప్పి, కొంతసేపు కిటికీవైపు చూచిరి.

మదరాసులో చదివిన లెక్కల మాస్టారు తమిళనాటి కళాశాలల ‘డే ఆర్డరు’ పద్ధతిని మా బడికి దెచ్చిరి. పండుగలు తరచుగా సోమవారములపై బడినచో సోమవారపు పాఠములే నష్టపోవును. కావున వారముల పేర్లు విడిచి, పనిదినములకు ఒకటినుండి ఆరువరకు సంఖ్యలిచ్చిరి. మూడవదినము సెలవు వచ్చెనా, బడి తెరచిన నాడే మూడవదినము. ఇది పిల్లల కర్థమగునో కాదో యని కొందరుపాధ్యాయులు సంశయించిరి. బాయివారి పిల్లలకు ఒక్కదినములో అర్థమైనది. వారి యింట కాలము పుట్టినప్పటినుండి అట్లే తిరుగుచున్నదిగదా.

రేపటి సంఖ్య యెంతయో పిల్లలకు ముందుగా తెలియుటకై, సాయంకాలపు దీర్ఘనాదము ముగిసినంతనే అటెండరు నన్నన్ని దెబ్బలు విడివిడిగా కొట్టును. నైటుషిఫ్టు తండ్రులు పడకలమీదనే యా దెబ్బలు లెక్కింతురు. “రేపు నాలుగు గదా, లెక్కలు మొదటి పీరియడా?” అని ఆ బాలికతో తండ్రి యనుట ఈ చెట్టుక్రిందికి వినబడినది. సెకండు షిఫ్టు వారమున అతడు భూగర్భమున నుండును. నా నాదమతని చేరదు. ఆ వారమంతయు బాలిక సుద్దముక్కతో తమ తలుపుమీద సంఖ్య వ్రాసి నిద్రించును. రాత్రి పదకొండున్నరకు అతడు వచ్చి, వీధిదీపపు వెలుగులో ఆ సంఖ్యను చదివి, తడిచేతితో తుడిచి, తలుపు చప్పుడుకాకుండ లోనికి బోవును.