మామగారి టెస్టరు

మా మామగారి చొక్కా జేబులో పెన్ను ఉండదు, టెస్టరు ఉంటుంది. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై పదకొండేళ్లయినా అది జేబు దిగలేదు. ఈ జాతివాళ్లు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు: పెళ్లికెళ్తే పెళ్లికూతురి కంటే ముందు జనరేటరును చూసొస్తారు.

అలాంటి మనిషిని ఆరు నెలలు అమెరికాలో కూతురింట్లో కూర్చోబెట్టాం. మొదటివారం ఇంట్లో ప్లగ్గులన్నీ పొడిచి చూశారు. టెస్టరు దీపం మసగ్గా వెలిగింది. "నూట ఇరవై వోల్టులేనా! మా దగ్గరైతే లో-వోల్టేజీ అని జనం సబ్‌స్టేషన్ మీదికొచ్చేవాళ్లు" అని పెదవి విరిచారు. రెండోవారం పక్కింటి ముసలాయన ట్రాక్టరు కంటబడింది.

పెరట్లో గడ్డి కోసే బండి అది. పేరు ఎలెక్‌-ట్రాక్. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు 1969లోనే పెట్రోలు లేకుండా నడిపించారు. గోల్ఫ్ బండి బ్యాటరీలు, ఒక్కోటి 6 వోల్టులు, ఆరు వరసగా కలిపితే 36. ఛార్జరు బండిలోనే ఉంది. ప్లగ్గు పెడితే మూలుగుతోంది, ఆంపియర్ల ముల్లు మాత్రం సున్నా వదలడం లేదు.

"ఛార్జరు పోయింది" అన్నాడు ముసలాయన ఇంగ్లీషులో.

"కాసేపు విననివ్వవయ్యా" అన్నారు మామగారు తెలుగులో.

చెవి దగ్గర పెట్టి, "శ్రుతి పెరిగిందే!" అన్నారు. నిజమే. మన 50 సైకిళ్ల కరెంటుకి ట్రాన్స్‌ఫార్మరు సెకనుకి 100 సార్లు గుయ్యిమంటే, ఇక్కడి 60కి 120 సార్లు అంటుంది. షడ్జమానికీ సాధారణ గాంధారానికీ ఉన్నంత తేడా. సర్వీసంతా షడ్జమమే విన్న చెవి మరి!

"మూలుగుతోందంటే ఛార్జరు టైమరు మంచిదే, కరెంటు లోపలికొస్తోంది. అల్లుడుగారూ, మీటరు!"

ఛార్జరు తీగల దగ్గర వోల్టులు పలికాయి. ప్లగ్గు పీకించి బ్యాటరీలు విడివిడిగా కొలిచారు. ఆరూ ఆరేసి చెప్పాయి. ఈ చివరి నుంచి ఆ చివరికి కొలిస్తే చప్పుడు లేదు. "అన్నదమ్ములు ఆరుగురూ కులాసాయే. మాటల్లేవు, అంతే" అని తేల్చారు.

మూడోదానికీ నాలుగోదానికీ మధ్య కేబులు కింద పచ్చటి చిలుము, పిండి పట్టినట్టు. బజ్జీలకని అత్తగారు దాచుకున్న వంటసోడా డబ్బా అంతా నీళ్లలో కలిపి పోశారు. బుస్సుమని పొంగింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నట్టు బిగించి, వ్యాజిలిన్ పూశారు. ముల్లు లేచి నిలబడింది.

ముసలాయన చప్పట్లు కొట్టాడు. మామగారి మొహం మాత్రం వాడిపోయింది. ఛార్జరులో తప్పేమీ లేదు కాబట్టి దాన్ని విప్పే యోగం పోయింది. "ఎలాగూ వచ్చాం కదా, కెపాసిటరొకసారి..." అని రెండుసార్లు నసిగారు. ఆయన భాష రాకపోయినా ముసలాయనకి భావం తెలిసింది. బండి తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

తిరుగు టికెట్టుకి ఇంకా నాలుగు నెలలుంది. నిన్నటి నుంచి మా డిష్‌వాషరు వంక అదోలా చూస్తున్నారు. ఈ చుట్టుపక్కల ఎవరింట్లోనైనా నిజంగా పాడైన యంత్రం ఉంటే దయచేసి ఈ వారంలోగా కబురు చేయండి.