వడ్రంగి సూత్రషట్కం: టీకా తాత్పర్య సహితం

మూలం

వార్ బల్ల, ఇంటిజర్, >= 0;
వార్ మంచం, ఇంటిజర్, >= 0;
మాక్సిమైజ్ లాభం: 7 * బల్ల + 11 * మంచం;
సబ్జెక్ట్ టు కర్ర: 4 * బల్ల + 7 * మంచం <= 39;
సబ్జెక్ట్ టు పని: బల్ల + మంచం <= 7;
ఎండ్;

అవతారిక. పరిమితమైన వనరులతో పొందదగిన గరిష్ఠ లాభాన్నో, తప్పనిసరి అవసరాలకయ్యే కనిష్ఠ వ్యయాన్నో లెక్కగట్టే శాస్త్రానికి లీనియర్ ప్రోగ్రామింగ్ అని పేరు. ఇందులో తెలియని రాశులు స్థిరాంకాలతో మాత్రమే గుణించబడి కూడుకుంటాయి తప్ప, ఒకదానితో ఒకటి గుణించుకోవు, వర్గాలుగానో ఘనాలుగానో పెరగవు. పై ఆరు సూత్రాలూ జీఎల్‌పీకే అనే సాల్వర్, అనగా సమస్యను రాసి ఇస్తే సమాధానాన్ని వెతికి పెట్టే ప్రోగ్రాము, చదవగలిగిన జీఎంపీఎల్ భాషలో ఉన్నవి, కాకపోతే ఇక్కడ తెలుగు లిపిలో రాసినవి. మాస్కో ఏవియేషన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఆండ్రూ మఖోరిన్ సీ భాషలో రచించిన జీఎల్‌పీకే లైబ్రరీ గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు కింద వెలువడింది గనుక, దాని మూలకోడును ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇతరులకు పంచేవారు మాత్రం అదే స్వేచ్ఛను వారికీ ఇచ్చి తీరాలి.

సందర్భం. ఒక వడ్రంగి కొట్టులో 39 ఘనపుటడుగుల కర్ర ఉన్నది. నెలలో అతడు ఏడు వస్తువులకు మించి చేయలేడు. బల్లకు నాలుగు ఘనపుటడుగులు పట్టి 700 రూపాయలు, మంచానికి ఏడు పట్టి 1,100 రూపాయలు వస్తాయి. లాభాన్ని వందల్లో లెక్కించారనీ, కొట్టులో ముందే ఉన్న కర్రకు వెల కట్టలేదనీ గ్రహించాలి. ఇంతటి శాస్త్రానికి కర్రముక్కలు ఉదాహరణా అని చిన్నచూపు తగదు. 1939లో లెనిన్‌గ్రాడ్‌లో లియొనిద్ కాంతొరోవిచ్ ఈ శాస్త్రానికి పునాది వేసింది ప్లైవుడ్ తయారీలో యంత్రాలకు పని పంచే సమస్యతోనే, 1975లో ఆయన ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకున్నదీ ఆ దారిలో నడిచే.

టీక. వార్ = చలరాశి, విలువను సాల్వరే నిర్ణయించవలసినది; బల్ల = చేయవలసిన బల్లల సంఖ్య, అంతేగాని నాలుగు కాళ్ళ వస్తువు కాదు; ఇంటిజర్ = పూర్ణాంకమై ఉండవలెనని శాసనం; మాక్సిమైజ్ = సాధ్యమైనంత పెంచుమని ఆజ్ఞ; సబ్జెక్ట్ టు = ఈ నియమానికి లోబడి; లాభం, కర్ర, పని = సూత్రాలకు పెట్టిన పేర్లు, ఇవి లెక్కలో పాల్గొనవు; నక్షత్రపు గుర్తు = గుణకారం, బీజగణితంలో లుప్తమైనా ఇక్కడ పలికి తీరవలసినది; సెమికోలన్ = వాక్యాంతం, దీన్ని మరిచినవారికి వరుస సంఖ్యతో సహా మందలింపు లభిస్తుంది.

పాఠభేదాలు. సబ్జెక్ట్ టు అనే చోట కొన్ని ప్రతుల్లో సబ్జ్ టు అనీ, మరికొన్నింట ఎస్.టీ. అనీ కనిపిస్తుంది, అసలు ఆ మాటే లేని ప్రతులూ ఉన్నవి, అన్నీ సాధువులే. చివరి సూత్రం లేకపోయినా అర్థహాని లేదు గనుక కొందరు దాన్ని విడుస్తారు.

శంక. బల్లలు సున్నాకు తగ్గవని పసివాడికైనా తెలియును గదా, అది చెప్పడం పునరుక్తి దోషం కాదా? సమాధానం. కాదు. జీఎంపీఎల్ భాషలో హద్దు చెప్పని చలరాశి రుణసంఖ్య కూడా కాగలదు. పని అనే సూత్రాన్నీ, సున్నా హద్దులనూ తొలగించి చూస్తే, సాల్వర్ ఏడు బల్లలు చేసి, వాటికి పట్టే 28 ఘనపుటడుగుల కర్ర కోసం నాలుగు మంచాలను ఊడదీస్తుంది. 4,900 వచ్చి 4,400 పోగా 500 మిగిలినట్టే గనుక, అదే పనిని మళ్ళీ మళ్ళీ చేస్తూ పోయి, లాభానికి హద్దు లేదని ప్రకటిస్తుంది. ఎవరి ఇంటి మంచాలు ఊడదీసిందని అడిగితే మూలంలో ఆ నిషేధం లేదన్నదే దాని జవాబు.

మరొక శంక. కచ్చితంగా తక్కువ అనే గుర్తును నియమాల్లో ఎందుకు అంగీకరించరు? హద్దును తాకరాదంటే ఎంత దగ్గరికి వెళ్ళినా ఇంకా దగ్గరి బిందువు ఒకటి ఉంటుంది గనుక గరిష్ఠమనేది సిద్ధించకుండా పోవచ్చునని సమాధానం.

ఇక గ్రంథంలోని అసలు ముడి ఇంటిజర్ అనే పదంలో ఉన్నది. ముందు భిన్నాలతో సాధించి తరువాత దగ్గరి పూర్ణాంకాలకు సవరించుకుంటే సరిపోదా అని పూర్వపక్షం. ఆ పదాన్ని తీసివేసి, హద్దుల గీతలు కలిసే మూలల వెంట లాభం పెరిగే దిక్కుగా నడిచే సింప్లెక్స్ పద్ధతితో (జార్జ్ డాంట్జిగ్, 1947) సాధిస్తే 3.33 బల్లలు, 3.67 మంచాలు, 63.67 లాభం వస్తాయి. దగ్గరి పూర్ణాంకాలైన 3, 4 తీసుకుంటే 40 ఘనపుటడుగులు కావాలి, కొట్టులో అంత లేదు. భిన్నాలను కత్తిరించి 3, 3 తీసుకుంటే లాభం 54కు పడిపోతుంది. నిజమైన సమాధానం 1 బల్ల, 5 మంచాలు, లాభం 62. సవరణతో 3.33 నుంచి ఒకటికి చేరే దారి ఏ గణితంలోనూ లేదు గనుక పూర్వపక్షం నిలవదు.

ఆ సమాధానానికి చేరే మార్గం ఏల్సా లాండ్, ఆలిసన్ డోయిగ్ 1960లో ప్రకటించిన బ్రాంచ్ అండ్ బౌండ్. మంచాలు 3.67 అని వచ్చినందున అవి మూడుకు మించరాదనే కొమ్మగా, నాలుగుకు తగ్గరాదనే కొమ్మగా సమస్య చీలుతుంది. మొదటి కొమ్మలో 4 బల్లలు, 3 మంచాలు, లాభం 61 అని పూర్ణాంకాలే దొరుకుతాయి. తొందరపడే వ్యాఖ్యాత ఇక్కడే గంటం దించేవాడు. రెండో కొమ్మలో 2.75 బల్లలతో 63.25 దాకా ఆశ కనిపిస్తున్నందున దాన్ని విడవరాదు. అక్కడ బల్లలు మూడుకు తగ్గరాదంటే కర్ర చాలదు. రెండుకు మించరాదంటే మంచాలు 4.43, లాభం 62.71 వరకు పోతాయి. మంచాలను మరొకసారి చీలిస్తే, నాలుగు దగ్గర 58 వచ్చి, చేతిలో ఉన్న 61 కంటే తక్కువ గనుక తెగిపోతుంది. ఐదు దగ్గర 62 వచ్చి గెలుస్తుంది. ఏ కొమ్మను ముందు తడమాలన్నది సాల్వర్‌కు ఇచ్చిన ఆప్షన్లను బట్టి మారుతుంది. అవును, కాదు అనే చలరాశులు 30 ఉంటేనే కలయికలు 107 కోట్లు దాటుతాయి గనుక, ఈ తెగవేత లేకుంటే సమాధానం కోసం ఎదురుచూడటమే వృత్తిగా పెట్టుకోవలసి వచ్చేది.

విశేషాంశం. ఇదే సమస్యను సీ ప్రోగ్రాము నుంచి లైబ్రరీకి నేరుగా అందించేవారు జీఎల్‌పీ_సింప్లెక్స్‌ను పిలిచి, ఆపైన జీఎల్‌పీ_ఇంట్‌ఆప్ట్‌ను పిలవాలి. ప్రీసాల్వర్‌ను, అనగా సమస్యను ముందుగా కుదించే భాగాన్ని, ఆన్ చేయకుండా మొదటిదాన్ని దాటవేస్తే రెండోది పని మొదలుపెట్టదు. ఫలితాన్ని జీఎల్‌పీ_ఎంఐపీ_కాల్_వాల్ ద్వారా చదవాలి గాని, అలవాటుగా జీఎల్‌పీ_గెట్_కాల్_ప్రిమ్ అని రాస్తే అది సింప్లెక్స్ విడిచిన 3.33నే వినయంగా చేతిలో పెడుతుంది. ఇక సీ భాషలో పట్టికలు సున్నా నుంచి మొదలవుతుండగా ఈ లైబ్రరీ ఒకటి నుంచి లెక్కిస్తుంది, సున్నా స్థానాన్ని ఖాళీగా వదిలివేయాలి. ఆచారానికి కారణం ఏమైనా, దీన్ని ఉల్లంఘించినవారి మాత్రిక ఒక గడి జరిగిపోతుంది.

పూర్ణత విషయంలో కొంత ఔదార్యమూ ఉన్నది. పూర్ణాంకానికి లక్షో వంతు లోపు తేడా ఉన్న విలువను కూడా, వేరుగా చెప్పకపోతే, సాల్వర్ పూర్ణాంకంగానే ఎంచుతుంది. తక్కిన అన్నింటా ఇది మూలంలో లేని మాట రాయనని ప్రతిజ్ఞ పట్టిన వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి సంప్రదాయానికి చెందినదే; మూలంలో మంచం కొనేవారు లేరని రాయకపోతే ఉన్నారనే భావిస్తుంది.

తాత్పర్యం. వడ్రంగి ఒక బల్లను, ఐదు మంచాలను చేసి 6,200 రూపాయలు పొందవలెను. అప్పుడు కర్ర పూర్తిగా చెల్లిపోయి, పనిలో ఒక వస్తువుకు చోటు మిగులుతుంది. నాలుగో సూత్రంలోని 39ని 43గా మార్చి మళ్ళీ నడిపితే 2 బల్లలు, 5 మంచాలు, 6,900 రూపాయలు అని వస్తుంది గనుక, ఆ నాలుగు ఘనపుటడుగులు 700 రూపాయల లోపు దొరికితే కొనవచ్చును, అంతకు మించితే టింబరు డిపో గుమ్మం ఎక్కనక్కరలేదు.