ఆషాఢంలో అగ్రిమెంటు

గుంటూరు బ్రాడీపేటలో వీధులకు పేర్లతో పెద్దగా పనిలేదు, అంకెలు చాలు. ‘నాలుగు బై పద్నాలుగు’ అంటే ఆటో అతను ఇంకో మాట అడగడు. ఈ వ్యాసకర్త కూడా అలాంటి ఒక భిన్నంలోనే అద్దెకు ఉంటున్నాడు. నిరుడు శ్రావణ శుద్ధ పంచమి నాడు పాలు పొంగించి దిగాడు. అద్దె పన్నెండు వేలు. ఇల్లు చూపించిన బ్రోకరుకు ఇంకో పన్నెండు వేలు. ఓనరు డాలస్‌లో ఉంటాడు కాబట్టి తాళంచెవి, రసీదు, ఉపదేశం అన్నీ బ్రోకరు చేతి మీదుగానే.

జ్యేష్ఠం చివర్లో ఫోన్ మోగింది.

“మాస్టారూ, టైమైపోతోంది. ఓనరుగారు పది శాతం పెంచమంటున్నారు. రెన్యువల్‌కి నాకో సగం నెల అద్దె. ఆపైన మీ ఇష్టం.”

“ఖాళీ చేస్తామని చెప్పండి” అని పక్కనుంచి ఇల్లాలు కళ్లురిమింది. వ్యాసకర్త అదే మాట గొంతు పెంచి చెప్పాడు.

“ఆషాఢంలో ఎక్కడికెళ్తారు మాస్టారూ?” అని బ్రోకరు జాలిగా నవ్వాడు.

అప్పుడు వెలిగింది బుర్రలో దీపం. ఏడాదికి మించిన లీజైతే రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెప్పింది. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఊరూవాడా 11 నెలల కాగితానికి అలవాటు పడ్డాయి. శ్రావణం మంచిదని అందులో దిగితే, పదకొండు నెలలు తిరిగేసరికి సరిగ్గా ఆషాఢం నడిమధ్యలో తేలతాం. ఆ నెలలో కొత్తింట్లో పాలు పొంగించే ధైర్యం ఎవరికుంది? పంచాంగంలో మూడేళ్లకోసారైనా అధికమాసం వస్తుంది. అద్దె పంచాంగంలో మాత్రం ఏటా క్షయమాసమే. లెక్క వేస్తే 11 ఏళ్లలో 12 అగ్రిమెంట్లు, 11 పెంపులు.

ఇదే ఊళ్లో మిర్చియార్డు ఉంది. అక్కడ కమీషన్‌దారు టిక్కీ, అంటే మిర్చి బస్తా, చేతులు మారితేనే కమీషన్ పట్టుకుంటాడు. ఇక్కడ ఇల్లు అదే, ఓనరు అదే, అద్దెకున్నవాడూ అదే. కదలని సరుక్కి కమీషన్ అడిగే విద్య యార్డులో తలపండినవాళ్లకు కూడా ఇంకా తెలిసినట్టు లేదు.

మనసాగక ప్రత్తిపాడు దగ్గర మిరప వేసే బాబాయికి ఫోన్ చేశాడు. బాబాయిది కౌలు సేద్యం.

“ఒరేయ్, నీకు కాగితమన్నా ఉంది. మాకు నోటిమాటే” అన్నాడాయన. కౌలుదారుకు రక్షణగా 1956లో కౌలు చట్టం వచ్చింది. ఆ చట్టం పేరు చెబితేనే భూమి ఎక్కడ పోతుందోనని ఆసాములు సంతకానికి దూరం జరిగారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చి, భూమి మీద హక్కు మీదే, పంట మీద హక్కే కౌలురైతుదని నచ్చజెప్పింది. అందులోనూ ఒప్పందం 11 నెలలే! అయినా ఆసామి సంతకం లేనిదే కౌలురైతుకు సాగు హక్కు కార్డు రాదు. “2021లో నల్లతామర పురుగు తోటంతా ఊడ్చేసిందా, కౌలు మాత్రం ముందే కట్టేశాం. ధర పెరిగితే కౌలు పెరుగుద్ది. ధర పడితే మన మొహం పడుద్ది, అంతే” అని బాబాయి ఫోన్ పెట్టేశాడు. ఓదార్పు కోసం రైతుకు ఫోన్ చేయకూడదని వ్యాసకర్తకు ఆ రోజు తెలిసింది.

ఈలోగా కొత్త కాగితం వచ్చింది. వంద రూపాయల స్టాంపు పేపరు. ఎవరి షాపు అగ్రిమెంటునో దించినట్టున్నారు, మూడో షరతులో ‘సదరు గదిలో మిర్చి బస్తాలు నిల్వ చేయరాదు’ అని ఉంది. ఇల్లాలు అది చదివి, డాబా మీద పట్టా పరిచి ఎండబెట్టిన రెండు కిలోల పచ్చడి మిరపకాయల వైపు అనుమానంగా చూసింది. తర్వాత పైవాటా పిన్నిగారిని అడిగి డాలస్ నంబరు తెచ్చింది.

ఓనరు గొంతు మెత్తగా ఉంది. “పది శాతం మీరే ఇస్తామన్నారట కదండీ! వద్దంటే బాగోదని ఊరుకున్నాను.”

రెండువైపులా కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన పెరట్లో మునగచెట్టు కాపు ఎలా ఉందని అడిగాడు. ఐదొందల పెంపు దగ్గర బేరం తెగింది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలని ఉంది. ఆ సంగతి కూడా ఎత్తుదామనుకున్నాడు గానీ, మునగకాయల దాకా వెళ్లిన మాటను మళ్లీ చట్టంలోకి లాగడం ఎందుకని ఊరుకున్నాడు.

బ్రోకరు కాగితం ఖర్చు కింద వెయ్యి పట్టుకెళ్లాడు. మిర్చి బస్తాల షరతు అలాగే ఉంది. కొత్త గడువు వచ్చే జ్యేష్ఠ బహుళంలో తీరుతుంది, అంటే ఆషాఢం రావడానికి ఇంకా కొద్ది రోజుల వ్యవధి.