అన్నీ మార్చాం, అసలుది తప్ప

నీళ్లు పెట్టి పెంచే పంటగా లెక్కిస్తే అమెరికాలో విస్తీర్ణంలో మొదటి స్థానం మొక్కజొన్నది కాదు, పచ్చికది. ఉపగ్రహ సమాచారంతో పరిశోధకురాలు క్రిస్టినా మిలేసి బృందం 2005లో వేసిన అంచనా ప్రకారం ఇళ్ల ముందూ పార్కుల్లోనూ గోల్ఫ్ మైదానాల్లోనూ కలిపి ఆ గడ్డి సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లు. ఇంచుమించు ఆంధ్రప్రదేశ్ అంత! అందులో ఒక్క గేదె మేయదు. పెరగడానికి ఎరువు వేయాలి, పెరిగిందని కోయాలి, కోయకపోతే కాలనీ సంఘం వాళ్లు నోటీసు పంపుతారు. అట్లాంటా శివార్లలో అరెకరం ఇల్లు కొన్న మన సుబ్బారావులు ఈ మహా వ్యవసాయంలో కొత్త కౌలుదార్లు.

అరెకరం దాటితే తోసే మిషను చాలదు, కూర్చుని నడిపే రైడింగ్ మోవర్ కావాలి. కొత్తదైతే రెండు వేల డాలర్లు, ఆపైన. అందుకని ఏప్రిల్ రాగానే పాత బండ్ల సంత మొదలు. అమ్మేవాడి మంత్రం ఎక్కడైనా ఒకటే: "పోయినేడు షెడ్డులో పెట్టేటప్పుడు బ్రహ్మాండంగా నడిచింది. చిన్న కార్బ్యురేటర్ పని, అంతే." అంత చిన్న పనే అయితే ఆ ముక్క తనే చేయించుకుని ఇంకో మూడొందలు ఎక్కువ అడక్కుండా ఈ దానకర్ణుడు మనకెందుకు వదిలాడు? సుబ్బారావుకు ఈ అనుమానం రాదు. బానెట్ మీద చెయ్యి వేసి చూడడు. అది వెచ్చగా ఉందంటే, మనం వచ్చేలోపు దాన్ని స్టార్ట్ చేయడానికి అవతలివాడు నానా తంటాలూ పడ్డాడని అర్థం. వంగి, బ్లేడును కప్పి ఉండే డెక్ అడుగు చూడడు. తుప్పు తినేది అడుగునుంచి, పెయింటు వేసేది పైన. మన చూపు ఎప్పుడూ పెయింటు మీదే. ఆకుపచ్చది గొప్పదా, ఎర్రది గొప్పదా అని చర్చ. క్రాఫ్ట్స్‌మన్ పేరుతో అమ్ముడైన బండ్లలో కొన్ని హస్క్‌వర్నా కంపెనీ చేతిలో, కొన్ని ఎంటీడీ కంపెనీ చేతిలో తయారయ్యాయని చెబితే వినే ఓపికెవరికి?

బండి ఇంటికొచ్చింది. తాళం తిప్పితే 'టక్' మంది, అంతే. ఇక చూడాలి వినోదం. వారమంతా ఆఫీసులో "రూట్ కాజ్ ఏమిటి?" అని పదిమందిని నిలబెట్టి కడిగేసే మేనేజరు గారు శనివారం పొద్దున్నే వెళ్లి బ్యాటరీ కొంటారు. టక్. సొలినాయిడ్ కొంటారు. టక్. స్టార్టర్ మోటారు కొంటారు. టక్. పాత బ్యాటరీలో 12.6 వోల్టులు ఉన్నాయో లేదో మల్టీమీటరు పెట్టి చూడరు. ఫ్రేముకు బిగించిన నల్ల వైరు కొసను ఉప్పుకాగితంతో ఒకసారి గీకి చూడరు. ఇంజను సగం తిరిగి మొరాయిస్తే మళ్లీ బ్యాటరీదే నేరం. సింగిల్ సిలిండర్ ఇంజన్లు కొన్నింట్లో వాల్వ్ గ్యాప్ పెరిగిందంటే స్టార్టింగులో కంప్రెషన్ కాస్త వదిలే ఏర్పాటు సరిగా పనిచేయదు, పిస్టన్ ఎదురుతిరుగుతుంది. ఫీలర్ గేజ్ పెట్టి అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సర్దితే తీరే తగువు అది. కానీ కొనడంలో ఉన్న హాయి కొలవడంలో ఎక్కడిది!

తర్వాత పెట్రోలు పురాణం. అక్కడి బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను లాక్కుంటుంది. నవంబరులో ట్యాంకులో వదిలేసిన పెట్రోలు ఏప్రిల్‌కల్లా పాడై, దాని జిగురు కార్బ్యురేటర్ జెట్టును పూడ్చేస్తుంది. చలికాలం ముందు స్టెబిలైజర్ కలిపి కాసేపు ఇంజను నడిపితే చాలు. అబ్బే, వసంతంలో "కార్బ్యురేటర్ పోయిందండీ" అని నిట్టూర్చడానికే మనం పుట్టాం. అది పోలేదు స్వామీ, మీరే పూడ్చిపెట్టారు. బండి కాసేపు నడిచి ఆగిపోతోందా? ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందేమో, మూత వదులు చేస్తే తేలిపోతుంది. సుబ్బారావు మాత్రం ఫ్యూయల్ పంపు మారుస్తాడు. ఇంజను వేడెక్కుతోందా? ఫ్యాన్ కవరు విప్పితే చలికాలంలో గృహప్రవేశం చేసిన ఎలుకల సంసారం కనిపిస్తుంది. విప్పడు, ఖరీదైన ఆయిలు పోస్తాడు.

అన్నిటికన్నా రసవత్తరమైన ఘట్టం, గేర్లకు బదులు ఆయిలు ఒత్తిడితో కదిలే హైడ్రోస్టాటిక్ బండిది. ఇంజను ఆపి తోయాలంటే వెనకవైపు ఉండే బైపాస్ కడ్డీని లాగాలి. ట్రైలర్ మీంచి దించేటప్పుడు లాగారు, మళ్లీ లోపలికి నెట్టలేదు. బండి గర్జిస్తుంది, అంగుళం కదలదు. "ట్రాన్స్‌మిషన్ పోయింది బావా" అని పాట్‌లక్‌లో సంతాప ప్రకటన. వృత్తిరీత్యా డేటాబేస్ చూసుకునే బావగారు పకోడీ నములుతూ "బెల్టు అయ్యుంటుందిరా" అని తీర్పు చెబుతారు. ఆదివారానికి బెల్టూ కొత్తదే. కడ్డీ మాత్రం ఉన్నచోటే ఉంది.

బ్లేడు పదును పెట్టడం మన శాస్త్రంలో లేదు. మొండి బ్లేడు గడ్డిని కోయదు, చీలుస్తుంది. కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. అది చూసి బస్తా ఎరువు, ఇంకో గంట నీళ్లు. తడిగడ్డి కోస్తే డెక్ నిండా ముద్దలు కడుతుంది, కింద తుప్పు పడుతుంది. అయినా ఆదివారం తప్ప తీరిక లేదు కనుక వాన వెలిసీ వెలవకముందే బండెక్కాలి.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇక నవ్వు రాని ముక్క. మనిషి సీటు మీంచి లేస్తే బ్లేడు ఆగాలని సీటు కింద ఒక స్విచ్ పెట్టారు. అది మొరాయిస్తే మార్చడం మానేసి, వైరు ముక్కతో రెండు కొసలూ కలిపేసి "బైపాస్ చేశా" అని చెప్పుకునే వీరులున్నారు. బ్లేడు కొస వేగానికి అక్కడి ప్రమాణాలు పెట్టిన గరిష్ఠ పరిమితి నిమిషానికి 19,000 అడుగులు, అంటే గంటకు దాదాపు 350 కిలోమీటర్లు. ఆ బ్లేడు మీద తాతగారు మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊరేగుతారు, కోడలు వీడియో తీస్తుంది, తెనాలిలో చుట్టాలు హృదయాలు కురిపిస్తారు. 16 ఏళ్లు నిండని పిల్లలు ఈ బండి నడపకూడదనీ, పిల్లల్ని దీనిమీద ఎక్కించుకోకూడదనీ అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ గొంతు చించుకుంటోంది. కారులో చైల్డ్ సీటు బెల్టును నాలుగుసార్లు లాగి చూసే ఇల్లే ఇది!

కంపెనీలు శుద్ధపూసలని కాదు. చవక మోడళ్లు చాలావాటిలో ట్రాన్స్‌మిషన్‌కు డ్రెయిన్ ప్లగ్ కూడా పెట్టరు, దానికి 'మెయింటెనెన్స్ అక్కర్లేదు' అని ముద్దుపేరు పెడతారు. ట్రాక్టర్ల రిపేరును తన గుప్పిట్లో పెట్టుకుందంటూ జాన్ డీర్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో దావా వేసింది. సొంత బండి విప్పుకునే హక్కు కోసం రైతులు చట్టసభల చుట్టూ తిరుగుతుంటే, కొలరాడో రాష్ట్రం 2023లో చట్టమే చేసింది. మన షెడ్డులో పడున్న పాత మోవర్‌కు సాఫ్ట్‌వేర్ తాళం లేదు, పాస్‌వర్డ్ లేదు, ఏ కోర్టూ అడ్డురాదు. ఒక స్పానర్ల సెట్టు, ఒక మాన్యువల్ ఉంటే సరి. ఆ మాన్యువల్ తెరిచే తీరిక మీకు లేకపోతే పోనీండి, సోమవారం ఆఫీసుకెళ్లి "డాక్యుమెంటేషన్ చదవవా?" అని జూనియర్ మీద అరవడం మాత్రం మానేయండి.