ఒక సెఫజోలిన్ సీసా కథ

ఈ గాజు సీసాలో ఉన్నది 1 గ్రాము సెఫజోలిన్, తెల్లని పొడి. ఎముకల ఆపరేషన్లలో చీము పట్టకుండా ముందే ఇచ్చే యాంటీబయాటిక్. దీని వంశానికి మూలం 1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో శాస్త్రవేత్త బ్రోట్జు గుర్తించిన బూజు. చర్మం మీద కాపురముండే స్టెఫైలోకాకస్ క్రిములను గాయంలో పెరగనివ్వకపోవడం దీని ముఖ్యమైన పని.

ధరణికోటలో జారిపడి తుంటి విరిగిన ముసలమ్మకైనా, బండి ప్రమాదంలో కటి ఎముక పగిలిన కుర్రాడికైనా పెద్ద ఆపరేషనంటే సాధారణంగా గుంటూరు ప్రయాణమే. అక్కడ థియేటర్లో నర్సు సీసా మూత మీది రేకు తీసి, నీళ్లు ఎక్కించి, పొడి కరిగేదాకా ఆడిస్తుంది. పెద్దవాళ్లకు మామూలు మోతాదు 2 గ్రాములు, అంటే ఇలాంటి సీసాలు రెండు. 120 కిలోలు, అంతకు మించి ఉంటే మూడు. కోత పెట్టేముందు గంటలోపు మందు నరంలోకి వెళ్లాలి. మోకాలి ఆపరేషన్‌లో తొడకు టూర్నికే (రక్తప్రవాహాన్ని ఆపే పట్టీ) బిగించేట్లయితే అంతకుముందే ఎక్కాలి.

ఒంట్లో చేరిన మందు రెండు దారుల్లో తగ్గుతుంది. మొదటిది మూత్రపిండాలు. అవి బాగా పనిచేస్తుంటే దాదాపు రెండు గంటలకు రక్తంలోని మందు సగమవుతుంది. అందుకే నాలుగు గంటలు దాటే ఆపరేషన్‌లో మరో మోతాదు ఇస్తారు. రెండోది రక్తస్రావం. కారిన రక్తంతో అందులోని మందూ పోతుంది. బదులుగా ఎక్కించే సెలైన్‌లో, దాత రక్తంలో మందు ఉండదు కాబట్టి మిగిలింది పలచబడుతుంది.

రక్తంతో పోయే మందు మాత్రం తక్కువే. మిల్లీలీటరు ప్లాస్మాలో 80 మైక్రోగ్రాముల మందు ఉందనుకుంటే, లీటరు రక్తంతో పోయేది సుమారు 45 మిల్లీగ్రాములు, అంటే 2 గ్రాముల్లో రెండు శాతం పైచిలుకు. మందులో పెద్ద భాగం అప్పటికే రక్తనాళాలు దాటి కణజాలంలోకి చేరి ఉంటుంది. 1996లో తుంటి మార్పిడి రోగుల మీద వచ్చిన పరిశీలనలోనూ రక్తస్రావం ప్రభావం స్వల్పంగానే తేలింది. అదే ఏడాది వెన్నెముకకు లోహపు పరికరాలు అమర్చిన ఆపరేషన్లపై వచ్చిన మరో పరిశీలన, రక్తస్రావం 1500 మిల్లీలీటర్లు దాటితే మళ్లీ మందు ఇవ్వాలని సూచించింది. 2013 నాటి అమెరికా మార్గదర్శకాల్లోనూ ఇదే హద్దు. 60 కిలోల మనిషిలో ఉండే రక్తంలో ఇది మూడో వంతుకు పైనే.

ఆ హద్దు దాటిందో లేదో తెలియాలంటే పోయిన రక్తం లెక్క సరిగ్గా ఉండాలి. గాయంలోంచి పీల్చిన రక్తం చేరే సక్షన్ జాడీ మీది గీత చదివి, గాయం కడిగిన సెలైన్ కొలతను అందులోంచి తీసేస్తారు. రక్తం అద్దే గుడ్డలైన మాపులు తడిశాక వాటిని తూచి, పొడి మాపుల బరువు మినహాయిస్తారు. పెరిగిన ఒక్కో గ్రాము దాదాపు ఒక మిల్లీలీటరు రక్తం. తొడ ఎముక విరిగినప్పుడు ఆస్పత్రికి రాకముందే తొడలోకి లీటరు దాకా రక్తం చేరవచ్చు. అది మందు ఎక్కకముందు పోయింది కనుక ఈ లెక్కలోకి రాదు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారిలో మందు ఎక్కువసేపు నిలుస్తుంది. వారికి నాలుగు గంటల గడువు వర్తించదు.

ఆపరేషన్ ముగిశాక మందు చాలావరకు రూపు మారకుండానే 24 గంటల్లో మూత్రంతో బయటికి పోతుంది. ఖాళీ సీసా ఆస్పత్రి గాజు వ్యర్థాలకు కేటాయించిన నీలి డబ్బాలోకి వెళ్తుంది.